వేళ చెప్పని హెచ్చరిక

మెసేజ్ పంపించేశాక స్తుతికి ప్రాణం తేలికపడింది. ఆ తేలికదనం మీదే ఆమెకి అనుమానం కలిగింది.

మధ్యాహ్నం ఆఫీసులో అందరూ క్యారియర్లు విప్పుతున్న వేళ పైమండలం నుంచి అనీస్ ఫోన్ చేశాడు. అక్కడ అతను డిప్యూటీ తహసీల్దారు, ఇక్కడ ఆమె. ఇద్దరూ ఒకేసారి ఉద్యోగంలో చేరినవాళ్ళు.

"కనిగిరి వైపు కొండల్లో పొద్దుటి నుంచీ ఒకటే వాన. దొండవాగు మా దగ్గర చప్టా మీద నుంచి పోతోంది. ఈ ఊపు చూస్తుంటే సాయంత్రం అసర్ అజాన్ వేళకి మీ ఒడ్డుపాలెం చేరుద్ది" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "ఈ టైము మాత్రం నేను చెప్పానని ఎక్కడా రాయకు స్తుతీ. అటూ ఇటూ అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

తహసీల్దారు మీటింగుకని ఒంగోలు వెళ్ళాడు. మండలంలో జనాన్ని హెచ్చరించే పని స్తుతి మీద పడింది. అందుకు ఒక నమూనా ముందే ఉంది. వాగు పేరు మార్చి పంపడమే. "ఎగువ ప్రాంతాలలో కురుస్తున్న భారీ వర్షాల దృష్ట్యా దొండవాగుకు ఏ క్షణమైనా ఆకస్మిక వరద వచ్చు అవకాశం ఉన్నందున, పరీవాహక గ్రామాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా కోరడమైనది." వాగు వెంబడి ఊళ్ళ గ్రూపులన్నిటికీ పంపింది. ఊళ్ళలో చెప్పడానికి మైకు కట్టిన ఆటోని కుదిర్చింది. పైఆఫీసుకి ఆ సంగతి తెలియజేసింది. వాళ్ళ దగ్గర్నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది.

అప్పుడే ఆ తేలికదనం వచ్చింది. చేతిలో ఉన్న నిప్పుకణికని పక్కవాడి అరచేతిలో పెట్టేసినట్టు. కణిక ఆరిపోలేదు. చెయ్యి మారిందంతే.

చిన్నప్పటి నుంచి స్తుతికి నలుగురిలో తప్పు మాట్లాడటమంటే భయం. బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే తల వంచుకుని కూర్చునేది. రాతలో మాత్రం ఎప్పుడూ ఫస్టే. రాసిందాన్ని కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు కదా. ఉద్యోగంలో చేరాక ఆమె భయానికి సొంతిల్లు లాంటి భాష ఒకటి దొరికింది. ఆ భాషలో ఎవరూ ఏమీ చెయ్యరు. అన్నీ చేయబడతాయి. కోరడమైనది అంటే చాలు, కోరింది ఎవరో చెప్పక్కర్లేదు. పదేళ్ళుగా ఆ భాషలో ఆమె మీద వాన చినుకు పడలేదు.

కిటికీలోంచి చూస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండ. ఆఫీసు ముందు నుంచే మైకు ఆటో వెళ్ళింది. రికార్డు చేసిన గొంతు అదే మాట తిప్పి తిప్పి చెబుతోంది. గేటు దగ్గర సోడా తాగుతున్న ముసలాయన ఆటో వైపు చూడకుండానే, "ఉల్లిపాయలు కిలో ఎంతంట?" అని అడిగాడు. పక్కవాడు నవ్వాడు. స్తుతికి నవ్వు రాలేదు. ఆ గొంతు నిజంగానే పొద్దున్నే వీధిలోకి వచ్చే ఉల్లిపాయల ఆటో గొంతులాగే ఉంది. ఎవరితో మాట్లాడుతోందో దానికే తెలియని గొంతు.

"ఇషాక్, బండి తియ్యి. ఒడ్డుపాలెం పోదాం" అంది.

డ్రైవరు ఇషాక్ ఆశ్చర్యంగా చూశాడు. "మెసేజ్ పెట్టారుగా మేడమ్?"

"పెట్టాను. అందుకే."

*

పెద్దరోడ్డు మీద చీమకుర్తి రాళ్ళు మోసుకుపోతున్న లారీల వెనక కాసేపు ఇరుక్కుని, తర్వాత ఒడ్డుపాలెం దారిలోకి తిరిగారు. రెండు పక్కలా పత్తి పగిలి తెల్లగా ఉంది. నడుముకి గుడ్డ ఒడి కట్టుకున్న ఆడవాళ్ళు పత్తి తీస్తున్నారు. పత్తి చేలు దాటాక మిరపతోటలు. నాటి రెండు నెలలైంది, మొక్కలు మోకాలెత్తున నల్లగా నవనవలాడుతున్నాయి. ఈ ఏడు వానలు సరిగా పడక వాగు ఇసకలో దొరువు గుంటలు తీసి, ఇంజన్లు పెట్టి, పైపులేసి నీళ్ళు తోడుకుంటున్నారని ఆమెకి తెలుసు. తెలిసినా ఆ మాటకీ తను పంపిన మెసేజ్‌కీ ఉన్న సంబంధం ఇంకా తట్టలేదు.

దారిలో జనం కనిపించారు. బైకుల మీద ముగ్గురేసి వెళుతున్నారు. ఖాళీ ట్రాక్టరు ఒకటి ఎగురుకుంటూ పోయింది. పత్తి ఒడి విప్పకుండానే ఇద్దరు ఆడవాళ్ళు గట్టు దిగి పరుగెడుతున్నారు. స్తుతి గుండె ఉప్పొంగింది. ఇంతమంది చదివారా? చదివి కదిలారా?

"చూశావా ఇషాక్, ఎంత స్పందనో!"

ఇషాక్ అద్దంలోంచి ఆమె వైపు ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు చూశాడు. "మేడమ్, అందరూ మనం పోయే దిక్కుకే పోతన్నారు."

ఆ మాట అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. బండి వాగు వైపు పోతోంది.

భుజాన మోకు చుట్ట వేసుకుని బైకు నడుపుతున్న మనిషి పక్కకి రాగానే స్తుతి అద్దం దించి కేకేసింది. "ఏమండీ, ఆగండి! ఎక్కడికి?"

అతను ఆగలేదు. వేగం కాస్త తగ్గించి, "ఏడికేంది మేడమ్, వాగులోకి! వరదొస్తందని మీరే గదా మెసేజ్ పెట్టింది? ఇంజన్ తీసుకోవద్దా?" అని అరిచి ముందుకి పోయాడు.

వాగుకి వరదొస్తుంది అన్న మాట ఆఫీసులో ఒకలా వినపడుతుంది, ఒడ్డుపాలెంలో ఇంకోలా వినపడుతుంది. ఆఫీసులో దాని అర్థం వాగుకి దూరంగా ఉండమని. ఇక్కడ దాని అర్థం వాగులో ఉన్నది తెచ్చుకోమని. ఆమె పంపిన హెచ్చరిక ఇళ్ళలో, చేలల్లో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే లేపి వాగు మధ్యలోకి పంపుతోంది.

*

దొండవాగు ఒడ్డుపాలెం దగ్గర బాగా వెడల్పు. ఇసక పరుపులా పరుచుకుని ఉంది. నడిమధ్యన ఒక సన్నని నీటిపాయ, మోకాలు తడిసేంత. అక్కడక్కడా తవ్విన దొరువులు, వాటి పక్కన ఆయిల్ ఇంజన్లు, పాముల్లా ఒడ్డుదాకా సాగిన నల్లపైపులు. ఊళ్ళో సగం మంది ఇసకలోనే ఉన్నారు. పైపులు ఊడదీసేవాళ్ళు, ఇంజన్‌కి మోకు కట్టేవాళ్ళు, కేకలు, నవ్వులు. జాతర కళ ఉంది. పిల్లలు నీటిపాయలో ఎగురుతున్నారు.

ఆమెని చూసి మోకు భుజాన వేసుకున్న మనిషి చేతులు జోడించాడు. అతని పేరు మరియదాసు. "ఈసారి మాత్రం ముందే చెప్పారు మేడమ్. ఎప్పుడూ వాగు పోయినాక చెబుతారు. మెచ్చుకోవాల!"

"మరియదాసు గారూ, అందరూ బయటికి రావాలి. వెంటనే" అంది స్తుతి.

"వస్తాం వస్తాం. ఒక్క పది నిమిషాలు."

"పది నిమిషాలు లేవు."

"లేవా? ఎప్పుడొచ్చుద్దంట?"

ఆమె చేతిలోని ఫోన్ వైపు చూసింది. అటుపక్క ఇంజన్ మీద కాలు పెట్టి బోల్టు విప్పుతున్న ఖాజావలి తలెత్తి నవ్వాడు. "ఎప్పుడేందిరా దాసూ? ఏ క్షణమైనా వచ్చుద్దని రాశారుగా. పోయినేడూ అట్నే రాశారు. ఆ క్షణం కోసం రెండు రోజులు కూర్చుంటే బురద కూడా రాలా."

నలుగురూ నవ్వారు. కోపంతో కాదు. వాతావరణం గురించి నవ్వుకున్నట్టు, ప్రభుత్వం గురించి కూడా అలాగే నవ్వుకున్నారు.

స్తుతి గట్టుమీద నిలబడి గొంతెత్తి అరిచింది. "దయచేసి అందరూ..." గొంతు ఇసక మీదే రాలిపోయింది. దగ్గరున్నవాళ్ళు తలలూపి పని చేసుకుంటున్నారు. దూరాన ఉన్నవాళ్ళకి ఆమె ఉన్నట్టే తెలియదు. అందరికన్నా దూరంగా, నీటిపాయకి అవతల, ఒక పెద్దావిడ ఒక్కతే ఇంజన్‌తో కుస్తీ పడుతోంది.

అక్కడ నిలబడి స్తుతి తనని తను చూసుకుంది. తప్పించుకోవడానికి వీల్లేని చూపు అది. వేళ ఆమెకి తెలుసు. అనీస్ చెప్పాడు. జనానికి పనికొచ్చే మాట మొత్తంలో అదొక్కటే, దాన్నొక్కటే తీసేసి మిగతాదంతా పంపింది. ఎందుకు? అనీస్ వద్దన్నాడనా? కాదు. అతను తన పేరు రాయొద్దన్నాడు, అంతే. ఆమె వేళనే తీసేసింది. ఏ క్షణమైనా అంటే ఎప్పుడొచ్చినా తన మాట నిజమవుతుంది, రాకపోయినా అబద్ధం కాదు. ఆ మెసేజ్ ఈ జనాన్ని కాపాడటానికి రాసింది కాదు. రాసినవాళ్ళని కాపాడటానికి రాసింది.

ఫోన్ తీసి అనీస్‌కి కలిపింది. "నీళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"అఫీషియల్‌గా అయితే..."

"అనీస్, నా ముందు ఇసకలో పిల్లలు ఆడుకుంటున్నారు."

"మా ఊరు చివర తాటితోపు దాటింది. మనిషెత్తు ఉంది. ఇందాక చెప్పిన టైమే. అసర్ వేళకి. కాస్త ముందూ వెనకా. నా పేరు చెప్పుకో, ఫర్వాలేదు."

"నీ పేరక్కర్లేదు" అంది స్తుతి. "చాలా థాంక్స్."

*

గట్టుకి ఆనుకునే మసీదు. దాని మైకు ఊరి చివర పల్లె చర్చిదాకా వినపడుతుంది. చావైనా, తప్పిపోయిన గేదె అయినా ఆ మైకులోనే చెబుతారు. అజాన్ ఇచ్చే రసూల్ వరండాలో చాపలు దులుపుతున్నాడు. స్తుతి చెప్పులు విప్పి మెట్ల దగ్గరే ఆగి, రొప్పుతూ సంగతంతా చెప్పింది. చివర్న తనకి మెరిసిన ఉపాయం కూడా చెప్పింది.

"అసర్ అజాన్ ఇప్పుడే ఇచ్చేయండి రసూల్ గారూ. అజాన్ వినపడితే పొద్దు వాలిందనుకుని అందరూ పైకొస్తారు."

రసూల్ చాప కింద పెట్టాడు. అతని ముఖంలో చిరాకు దాచుకోలేదు. "టైము కాకుండా ఎట్టిస్తానమ్మా?"

"ప్రాణాల కోసమేగా."

"ఈరోజు ఇస్తా. రేపు ఎవరు నమ్ముతారు? మీరు కావాలంటే మైకు తీసుకోండి, ఏం చెప్పాల్నో చెప్పుకోండి. అజాన్ మాత్రం దాని టైముకే."

అతను కాదన్నందుకు ముందు కోపం వచ్చింది. వెంటనే ఆ కోపం కింద సిగ్గు కనిపించింది. ఇప్పటికీ తను మాట్లాడకుండా ఉండే దారే వెతుకుతోంది. ఇన్నాళ్ళూ నమూనా వెనక దాక్కుంది. ఇప్పుడు అజాన్ వెనక దాక్కోబోయింది.

"నేనే చెబుతా" అంది.

రసూల్ మైకు వైరు బయటిదాకా లాగి ఇచ్చాడు. స్విచ్చి వేసి, "ప్రభుత్వం వారు అని నేను మొదలుపెట్టనా?" అని అడిగాడు. ఈసారి గొంతులో చిరాకు లేదు.

"వద్దండీ."

మైకు చేతిలో పడగానే పాత భయం లేచింది. ఎనిమిదో తరగతిలో ప్రార్థన గీతం మధ్యలో మాటలు మరిచిపోయి నిలబడ్డ పిల్ల ఇంకా ఆమె లోపలే ఉంది. ఆ పిల్ల పారిపొమ్మంటోంది. స్తుతి ఆ పిల్లని గదమాయించలేదు. నువ్వు కూడా ఇక్కడే ఉండు, నిలబడి వణుకు, నేను చెప్పేది చెప్పేస్తాను అనుకుంది.

"నా పేరు స్తుతి. మండలంలో డిప్యూటీ తహసీల్దారుని. మధ్యాహ్నం మీకు మెసేజ్ పంపింది నేనే. అందులో టైము చెప్పలేదు. అది తప్పు. ఇప్పుడు చెబుతున్నా. పైన వాగు మనిషెత్తు వస్తోంది. ఇక్కడికి అసర్ అజాన్ వేళకి వస్తుందని నాకు చెప్పారు, నేను నమ్ముతున్నాను. అంటే మీకింకా కొద్దిసేపు ఉంది. పిల్లలు ఇప్పుడే పైకి రండి. ఒడ్డు దగ్గరున్న ఇంజన్లు లాక్కోండి. మధ్యలో ఉన్నవాటికి తలా ఒక చెయ్యి వెయ్యండి. అజాన్ మొదలైందంటే చేతిలో ఏదున్నా వదిలేసి గట్టెక్కండి. నేను గట్టుమీదే ఉంటాను."

తన గొంతు వాగు అవతలి గట్టుకి తగిలి తిరిగి రావడం వినపడింది. ఇసకలో జనం ఒక్కసారిగా ఆగారు. తర్వాత ఒక విచిత్రం జరిగింది. ఎవరూ భయపడి పరుగెత్తలేదు. అందరూ తలలెత్తి పొద్దు వైపు చూశారు. వేళ చేతికందగానే ప్రతి మనిషీ తన పని తనే లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. "ఒరేయ్ ఖాజా, పైపులొదిలెయ్, ముందు ఇంజన్ చూడు!" "ట్రాక్టరు ఇటు తిప్పరా, నీ ఒక్కడిదేనా!" "చిన్నదానా, ఎక్కు పైకి, వీపు పగులుద్ది!" పిల్లలు గోల చేసుకుంటూ ముందు పైకొచ్చారు. ఇందాక జాతరలా ఉన్నది ఇప్పుడు నాట్ల రోజులా ఉంది.

రసూల్ చాపలు అక్కడే వదిలి లుంగీ ఎగగట్టి వాగులోకి దిగాడు. "అజాన్ టైముకి వచ్చేస్తా" అన్నాడు వెనక్కి చూడకుండా.

*

ఒక్కో ఇంజనే గట్టెక్కింది. అజాన్ వేళ దగ్గరపడేసరికి ఇసకలో ఒక్కటే మిగిలింది. అది నీటిపాయ అవతలి పెద్దావిడ పున్నమ్మది. ఊరి చివర పల్లెలో ఉంటుంది, ఈ ఏడే మొదటిసారి ఎకరం కౌలుకి తీసుకుని మిరప వేసింది. ఇంజన్ చక్రం తడి ఇసకలో దిగబడిపోయింది. మరియదాసు, ఖాజావలి ఇద్దరూ ఒక పట్టు పట్టారు. అది కదల్లేదు. ట్రాక్టరు నీటిపాయ దాటనంటోంది.

రసూల్ వచ్చి కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. కాసేపటికి అజాన్ మొదలైంది. మరియదాసు, ఖాజావలి మోకు వదిలి గట్టు వైపు నడిచారు. పున్నమ్మ కదల్లేదు.

స్తుతి గట్టు దిగి ఇసకలో పరుగెత్తింది. ఇషాక్ వెనకనుంచి "మేడమ్!" అని అరుస్తూనే ఉన్నాడు. నీటిపాయలో కాళ్ళు పెడితే నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. వచ్చే వరద జాడే లేని ఆ వెచ్చదనమే ఆమెని భయపెట్టింది.

"అమ్మా, వచ్చేయండి."

"పోతే నువ్వు కొనిస్తావా?" పున్నమ్మ ఇంజన్ మీద చెయ్యి తియ్యలేదు. "ప్రభుత్వం కొనిచ్చుద్దా? చెప్పు. ఇస్తామని చెప్పి పో, మీరంతా చెప్పి పొయ్యేవాళ్ళేగా."

స్తుతి నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది. పరిశీలిస్తాం, నివేదిక పంపుతాం. ఆ మాటలు నోట్లో ఇసకలా తగిలాయి.

"నేను కొనివ్వలేను. ఇస్తారని కూడా చెప్పలేను. దరఖాస్తు పెట్టిస్తా, వెంటపడతా. వస్తుందో రాదో నాకు తెలియదు. వాగు వస్తుందని మాత్రం తెలుసు."

పున్నమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. ఇస్తామన్న మాటలు ఎన్నో విన్న మనిషి, తెలియదన్న మాట వినడం ఇదే మొదలు కాబోలు. ఇంజన్ మీద ఉన్న చెయ్యి మెల్లిగా జారింది.

"దీనమ్మ" అని ఇంజన్‌ని ఒక తిట్టు తిట్టి, కొంగు బిగించి నడిచింది. స్తుతి కన్నా ముందే గట్టెక్కింది.

*

అజాన్ అయిపోయింది. నమాజుకి పోయేవాళ్ళు పోయి వచ్చారు. వాగు రాలేదు.

గట్టుమీద ఊరంతా కూర్చుని ఉంది. ఇసక ఖాళీగా, ప్రశాంతంగా, పక్క దులిపిన మంచంలా ఉంది. మధ్యలో పున్నమ్మ ఇంజన్ ఒక్కటే నిలబడి ఉంది. ఎండ వాలింది. కొంగ ఒకటి నీటిపాయలో దిగి నిదానంగా ఏరుకుంటోంది.

ముందు గుసగుసలు. తర్వాత దగ్గులు. తర్వాత ఖాజావలి గొంతు. "ఏది మేడమ్, మీ వాగు?"

స్తుతి జీవితమంతా భయపడింది ఈ ప్రశ్నకే. నలుగురి ముందు తన నోటితో తను చెప్పిన మాట తప్పడం. అది జరుగుతోంది. జరుగుతుంటే తెలిసింది, ఇందులో చచ్చిపోయేంతేమీ లేదు. చెవులు వేడెక్కుతాయి. అంతే. భరించలేనిది వేరే ఉంది. వీళ్ళు విసిగి మళ్ళీ వాగులోకి దిగితే?

ఖాజావలి లేచాడు. "దాసూ, పదరా. ఎట్టా పట్టాల్నో ఇందాక తెలిసింది. పున్నమ్మత్త ఇంజన్ ఈసారి వచ్చుద్ది." మరియదాసూ లేచాడు. ఇద్దరూ గట్టు అంచుకి వచ్చారు.

స్తుతి వాళ్ళకి అడ్డంగా నిలబడింది. "ఆలస్యమైంది. నేను చెప్పిన టైముకి రాలేదు. అయినా కూర్చోండి."

"ఎందాక?"

"పొద్దు గుంకేదాకా. రాకపోతే రేపు ఆఫీసుకొచ్చి మీ ఇష్టమొచ్చినట్టు తిట్టండి. ఇప్పుడు మాత్రం దిగొద్దు."

ఖాజావలి పక్కగా తప్పుకుని దిగబోయాడు. వెనకనుంచి పున్నమ్మ కేకేసింది. "ఒరేయ్ ఖాజా! ఇంజన్ నాది. నీకేందిరా అంత తొందర? కూర్చో."

"నీ కోసమే గదత్తా!"

"నాకోసం నువ్వు కొట్టుకుపోతే నీ పెళ్ళాం జమీలాకి నేనేం చెప్పాల? కూర్చోమంటే కూర్చో."

జనం నవ్వారు. ఖాజావలి తల గోక్కుంటూ కూర్చున్నాడు. మరియదాసు అతని పక్కనే కూలబడి చుట్ట వెలిగించాడు. ఎవరో వేరుశెనక్కాయల పొట్లం విప్పారు. నిరీక్షణ బరువు కాస్త అందరిలోకీ పంచుకుపోయినట్టు స్తుతికి అనిపించింది. ఈసారి కణిక ఎవరి చేతిలోనూ పెట్టలేదు. అందరూ దాని చుట్టూ కూర్చున్నారు.

కొంగ లేచిపోయింది.

ముందు శబ్దం రాలేదు. వాసన వచ్చింది. తడి మట్టి, కుళ్ళిన ఆకు, ఎక్కడో పైన తడిసిన ఊళ్ళ వాసన. తర్వాత వంపు దగ్గర ఇసక రంగు మారింది. ఒక గోధుమరంగు అంచు, నురగతో, పుల్లలతో, పత్తికట్టెతో, పాకుతున్నట్టు వచ్చింది. చూడటానికి మనిషి నడకే. "ఇదేనా?" అన్నాడు ఖాజావలి. అతను ఆ మాట అనేలోపే దాని వెనక అసలుది వంపు తిరిగింది. ఇసక మొత్తం ఒక్కసారే లేచి నడిచినట్టయింది. ఇందాక పిల్లలు ఎగిరిన చోటు, ట్రాక్టరు తిరిగిన చోటు, స్తుతి కాళ్ళు తడిసిన చోటు, అన్నీ కలిసి ఒకే నీరయ్యాయి. పున్నమ్మ ఇంజన్ ఒకవైపు ఒరిగింది. కాసేపు ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగి, మునిగిపోయింది.

గట్టుమీద తల్లులు పిల్లల రెక్కలు పట్టుకున్నారు. మరియదాసు చుట్ట ఆరిపోయింది.

చాలాసేపటికి ఖాజావలి, "లేటైనా వచ్చింది. ప్రభుత్వం వాగు గదా" అన్నాడు. మొదట ఒకరు, తర్వాత అందరూ నవ్వారు. గుండెల్లో ఇరుక్కున్న గాలి బయటికి రావడానికి దారి దొరికినట్టు నవ్వారు. స్తుతి కూడా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

"మేడమ్, ఒక మాట" అన్నాడు మరియదాసు. "మధ్యాహ్నమే ఈ టైము చెప్పుంటే అత్త ఇంజన్ కూడా దక్కేది."

"అవును" అంది స్తుతి. వేరే మాట ఏదీ కలపలేదు.

"ఈసారి పైన చప్టా దాటగానే చెప్పండి. నీళ్ళు ఏడున్నాయో చెప్పండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

"చెబుతాను. నేను లేకపోతే నా కుర్చీలో ఉన్నవాళ్ళు చెప్పాలి. అట్లా చెప్పకపోతే మీరే ఫోన్ చేసి అడగండి. అడగడం మీ హక్కు."

కింది మండలానికి కూడా ఇదే నీరు పోతుంది. అక్కడి అధికారి సంజీవరావుకి ఫోన్ చేసి, నీళ్ళు ఎప్పుడు వచ్చాయో, ఎంతెత్తున వచ్చాయో చెప్పింది. "లేటవ్వొచ్చు సార్. అయినా టైము చెప్పండి. ముఖ్యంగా ఇంజన్ల సంగతి చెప్పండి. మైకులో మీరే చెప్పండి" అంది. ఆయన తటపటాయించాడు. తర్వాత, "మైకు మీరన్నట్టు నేనే పట్టుకుంటాలెండి" అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసరికి గట్టు చివర పున్నమ్మ కూడా ఫోన్‌లో అరుస్తోంది. కింది ఊరికి ఇచ్చిన కూతురు మహిమతో.

"దీపాలు పెట్టే వేళకి మీ కాడికి వచ్చుద్ది. ఇంకా టైముంది, అల్లుణ్ణి ఇప్పుడే పంపి ఇంజన్ తీయించు. వచ్చినాక మళ్ళా దిగనియ్యబాక. రాలేదని ఎగతాళి చేస్తారు, చెయ్యనీ, కూర్చోబెట్టు." అవతల ఏదో అడిగినట్టుంది. పున్నమ్మ గొంతు ఇంకా పెరిగింది. "ఎవరు చెప్పారంటావేందే? నేను చెబుతున్నా గదా! నా ఇంజన్ నా కళ్ళ ముందే పోయింది. ముందు నువ్వు లే, పక్కింటోళ్ళకి చెప్పు."